నడుము తిప్పే ముందు ఎడమ పాదం సంగతి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీవు పంపిన గోల్ఫ్ స్వింగ్ వీడియోను అక్కడక్కడ ఆపుకుంటూ నిదానంగా చూశాను. చేతులకు, భుజాలకు వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. చిక్కంతా నడుము కిందనే ఉంది. క్లబ్‌ను, అంటే గోల్ఫ్ కర్రను, బంతి మీదికి దించే డౌన్‌స్వింగ్‌ను ఒంటి కింది భాగంతో మొదలుపెట్టాలన్న మాటను నీవు శ్రద్ధగా పాటిస్తున్నావు. ఆ మాట నిజమే, కానీ అందులో సగమే ఉంది. తుంటి గట్టిగా తిరిగే ముందు బరువు ఎడమ పాదానికి చేరాలి. నీ బరువు ఇంకా కుడికాలి మీద ఉండగానే తుంటి గిర్రున తిరిగిపోతోంది, దానితోపాటే భుజాలూ తెరుచుకుంటున్నాయి, క్లబ్ బయటి నుంచి లోపలికి అడ్డంగా వస్తోంది. నీవు చేతులను నిందిస్తున్న ఆ స్లైస్, అంటే బంతి కుడివైపుకు వంగిపోవడం, పుట్టేది ఇక్కడే.

క్లబ్‌ను వెనక్కి ఎత్తే బ్యాక్‌స్వింగ్ గురించి ఎక్కువ చెప్పను. భుజాలు సుమారు 90 డిగ్రీలు తిరిగేసరికి తుంటి అందులో సగం తిరిగితే చాలు. బరువు కుడి పాదం బయటి అంచుకు జారిపోకుండా లోపలి వైపున, మడమ దగ్గర నిలవాలి. కుడి మోకాలి వంపును చివరిదాకా బిగబట్టి ఉంచాలని కొందరు పట్టుబడతారు గానీ నేను ఒప్పుకోను. మోకాలు కాస్త నిటారైతేనే తుంటి వెనక్కి తిరగడానికి చోటు దొరుకుతుంది. గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ అంతటివాడు ఎడమ మడమను నేల మీది నుంచి లేవనిచ్చేవాడు. ఒళ్లు బిగిసిన నాబోటి వాళ్లకు అది వరమే. నీకు ఇప్పుడే అవసరం లేదు.

అసలు విషయం స్వింగ్ మలుపు తిరిగే చోట ఉంది. క్లబ్ పైకి చేరి ఆగిన తర్వాత కాళ్లు కదలాలని నీవు అనుకుంటున్నట్టున్నావు. క్లబ్ ఇంకా వెనక్కి పోతూ ఉండగానే బరువు ఎడమ పాదం వైపు మళ్లాలి. డౌన్‌స్వింగ్ మొత్తం సుమారు పావు సెకనులో ముగిసిపోతుంది కనుక, అది మొదలైన తర్వాత ఆలోచించి సరిదిద్దుకునే వ్యవధి ఎవరికీ ఉండదు. ఎడమ పాదం నేలను నొక్కిన తర్వాత మొదట తుంటి వేగం అందుకుంటుంది, తర్వాత మొండెం, తర్వాత చేతులు, చివరికి క్లబ్; ముందున్నది నెమ్మదించే కొద్దీ దాని వేగం తర్వాతి దానికి అందుతుంది. బంతిని తాకే దాకా తుంటిని ఒకే ఊపున తిప్పాలని తాపత్రయపడేవారికి ఈ అందింపు కుదరదు.

నేలను నీవు ఎంత బలంగా నొక్కితే నేల నిన్ను అంతే బలంగా పైకి నెడుతుంది. ఆ నెట్టుడుకు ఎడమ మోకాలు నిటారవుతూ ఎడమ తుంటిని వెనక్కి, పైకి తీసుకుపోవాలి. తుంటి బంతి వైపు దూసుకురాకూడదు. వీడియోలో నీ తుంటి ముందుకే వస్తోంది. అందువల్ల చేతులకు దారి లేక, నీవు నడుము నిక్కించి ఇరుకున పడి కొడుతున్నావు. ఎడమ పాదం వేళ్లను లక్ష్యం వైపు 20 నుంచి 30 డిగ్రీల దాకా తిప్పి నిలబడితే తుంటి తిరగడం సులువవుతుంది, మోకాలి మీద ఒత్తిడీ తగ్గుతుంది.

వెనక ఒక కుర్చీ పెట్టుకుని, పిరుదులు దానికి ఆనీ ఆననట్టుగా నిలబడి, క్లబ్ లేకుండా స్వింగ్ చేయి. బ్యాక్‌స్వింగ్‌లో కుడి పిరుదు, డౌన్‌స్వింగ్‌లో ఎడమ పిరుదు కుర్చీని తాకాలి. అది అలవాటయ్యాక ఏడో నంబరు ఐరన్ (మధ్యరకం క్లబ్) పట్టుకుని పాదాలు దగ్గరగా పెట్టి నిలబడు. క్లబ్ పైకి చేరబోతుండగా ఎడమ పాదాన్ని లక్ష్యం వైపు ఒక అడుగు వేసి, ఆ తర్వాతే బంతిని కొట్టు. ముందు అడుగు, తర్వాత తిరుగుడు అన్న వరుస ఒంటికి పట్టడానికి ఇంతకంటే మంచి సాధన నాకు తెలియదు. గడ్డి తెగిన గుర్తు బంతి ఉన్న చోటుకు ముందు, లక్ష్యం వైపు కనిపిస్తే బరువు సరిగ్గా చేరినట్టే.

అంతదాకా దూరం కొట్టే పెద్ద క్లబ్‌ను, ఆ డ్రైవర్‌ను, సంచిలోంచి తీయకు. ఈసారి వీడియోను బంతి పోయే దారికి సరిగ్గా వెనక నుంచి, పాదాలు స్పష్టంగా కనిపించేలా తీయించి పంపు.

ఇట్లు
మామయ్య