గుద్దేసి వెళ్లిపోయిన బండి గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. రాతలో బలం ఉంది. తెల్లవారకముందే పాలక్యాన్లు కట్టుకుని సైకిల్ మీద బరంపురంలోకి వస్తున్న మనిషిని హైవే దగ్గర ఏదో బండి గుద్దేసి వెళ్లిపోవడం, రోడ్డంతా పాలు, పక్కన వంగిపోయిన చక్రం, ఇవన్నీ కళ్లకు కట్టేలా రాశావు. అయినా ఆ రెండు పేజీల్ని అర పేజీకి కుదించమంటాను. నువ్వు ఆపేసిన చోటే అసలు కథ మొదలవుతుంది. "పోలీసులు కేసు నమోదు చేసుకున్నారు" అని ఒక్క వాక్యంతో ముగించేశావు. ఆ వాక్యం వెనక ఏం జరిగింది, ఏం జరగకుండా పోయింది అన్నదే నువ్వు రాయాల్సింది.

ముందు ఎఫ్ఐఆర్ నకలు చేతిలోకి తెచ్చుకో. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు దాన్ని ఉచితంగా ఇవ్వాలని కొత్త చట్టం, అంటే నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్‌లో ఉంది. నోటితో చెప్పినదాన్ని రాసుకుని, తిరిగి చదివి వినిపించాలని కూడా అందులోనే ఉంది. ఒడిశాలోని మన గంజాం జిల్లాలో ఈ చదివి వినిపించడం దగ్గరే చాలా పోతుంది. ఇంట్లో తెలుగు, స్టేషన్‌లో ఒడియా. చనిపోయినాయన బావమరిది ఆ పొద్దున టెన్షన్‌లో సగం తెలుగులో, సగం వచ్చీరాని ఒడియాలో చెప్పి ఉంటాడు. ఆయన ఏం చెప్పాడో విడిగా అడిగి రాసుకో. ఎఫ్ఐఆర్‌ను ఒడియా బాగా వచ్చినవాళ్ల చేత మాటమాటా చదివించుకో. రెండూ పక్కపక్కన పెట్టి చూడు. బండి రంగు ఆయన చెప్పాడా? అది కాగితం మీదికి ఎక్కిందా? ఎక్కకపోతే నీ వ్యాసానికి గుండెకాయ అదే.

తరువాత టైములు. గుద్దింది ఎన్నింటికి, 112కు ఫోన్ వెళ్లింది ఎన్నింటికి, 108 వచ్చింది ఎన్నింటికి, ఎఫ్ఐఆర్‌లో పడిన టైమెంత, దర్యాప్తు అధికారి ఆ చోటికి వెళ్లింది ఎప్పుడు? వీటిని వరసగా రాస్తే చాలు, "నిర్లక్ష్యం" అనే మాట నువ్వు రాయనక్కర్లేదు. పారిపోయిన బండి విషయంలో గంటలు ఎందుకు అంత ముఖ్యమో పాఠకుడికి చెప్పు. రోడ్డు పక్క షాపుల కెమెరాల్లో పాత రికార్డింగ్ కొద్ది వారాల్లోనే చెరిగిపోయి దాని మీద కొత్తది ఎక్కుతుంది. పైగా మనది సరిహద్దు. 16వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణానికి పోతే గిరిసోల, అది దాటితే ఇచ్ఛాపురం, అంటే వేరే రాష్ట్రం, వేరే పోలీసు. గుద్దినవాడు అటు వెళ్లాడేమోనన్న అనుమానం ఉంటే టోల్‌గేటు ఫుటేజీ అడిగారా, అడిగితే ఏ తేదీన అడిగారు? ఈ ప్రశ్న వెయ్యకుండా నీ వ్యాసాన్ని నేను ఎవరికీ చూపించను.

సైకిల్ ఏమైంది? దీని గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. ఆ వంగిపోయిన ఫ్రేముకు గుద్దిన బండి పెయింటు అంటుకుని ఉండొచ్చు. దెబ్బ ఎంత ఎత్తులో తగిలిందో చూస్తే అది కారా, పెద్ద లారీనా అన్నది కొంతైనా తెలుస్తుంది. రోడ్డు మీద పగిలిన లైటు ముక్కలుంటే అవీ సాక్ష్యమే. సైకిల్‌ను సీజ్ చేసి పరీక్షకు పంపారా, లేక "తీసుకుపోండి" అని ఇంటివాళ్లకు ఇచ్చేశారా? ఇంటివాళ్లు నెత్తురు చూడలేక కడిగేసి ఉంటారు. వాళ్లను తప్పుపట్టేలా మాత్రం రాయకు. కడగొద్దని వాళ్లకు ఎవరు చెప్పారు?

ఒక పెద్ద తప్పు సరిదిద్దాలి. గుద్ది పారిపోతే పదేళ్ల జైలు అని రాశావు. అది నేరాలకు శిక్షలు చెప్పే కొత్త చట్టం, అంటే న్యాయ సంహిత, 106వ సెక్షన్ రెండో ఉపవిభాగంలో ఉన్న మాట నిజమే. కానీ దాన్ని వ్యతిరేకిస్తూ 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగారు. ఆ జులై 1న మిగతా చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపవిభాగాన్ని ఆపి ఉంచారు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు మొదటి ఉపవిభాగం కింద గరిష్ఠంగా ఐదేళ్లు. డ్రైవర్ల భయం కూడా రాయి, జనం కొట్టి చంపుతారన్నది ఉత్త సాకు కాదు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ గాయపడినవాళ్లను ఆస్పత్రికి చేర్చాలంటూనే, జనాగ్రహం వల్ల వీలుకాకపోతే అన్న మినహాయింపు ఇచ్చింది. అయితే ఆ డ్రైవరు నేరుగా స్టేషన్‌కు వెళ్లి చెప్పవచ్చు కదా. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ఏ జనం ఉన్నారు?

స్టేషన్‌కు వెళ్లినప్పుడు ఐఐసీ గారితో, అంటే స్టేషన్ ఇన్‌చార్జి ఇన్‌స్పెక్టర్‌తో, మర్యాదగా మాట్లాడు, కేకలు వెయ్యకు. ఉన్న కొద్దిమంది అధికారుల మీద ఎన్ని కేసులున్నాయో, ఠాకురాణి యాత్ర రోజుల్లో బందోబస్తుకు ఎంతమంది పోతారో ఆయన చెబితే అది కూడా రాయి. కానీ అక్కడితో తృప్తిపడి వచ్చేయకు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా బాధితులకు తెలియజెయ్యాలని నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ చెబుతోంది. తెలియజేశారా? బండి దొరకలేదని కేసు మూసేస్తే, కోర్టు దాన్ని ఒప్పుకునే ముందు ఫిర్యాదుదారుకు తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని సుప్రీంకోర్టు 1985లోనే తీర్పు చెప్పింది. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికైనా తెలుసా అని అడుగు.

సైకిల్ మనిషి కేసు ఎందుకు వెనకబడుతుందో నా అభిప్రాయం చెబుతాను. కారు, కారు గుద్దుకుంటే రెండు ఇన్సూరెన్సులు, ఇద్దరు లాయర్లు, వాళ్ల వెంట తిరిగే మనుషులు ఉంటారు. ఫైలు కదలకపోతే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. సైకిల్‌కు నంబరు లేదు, ఇన్సూరెన్సు లేదు. గుద్దినవాడు దొరక్కపోతే ఆ ఫైలు కోసం స్టేషన్ మెట్లెక్కే మనిషే ఉండడు. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకు ప్రభుత్వమే సైకిళ్లు ఇస్తున్న రాష్ట్రం మనది. ఆ పిల్లలంతా ఈ రోడ్ల మీదే కదా తిరిగేది. నాకు కోపం వచ్చేది ఇక్కడే, నీ వ్యాసంలో కూడా ఆ కోపం ఇక్కడే ఉండాలి.

అంకెలు ఎక్కువ వద్దు, రెండు చాలు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో గుద్ది పారిపోయిన ప్రమాదాల్లో దేశంలో 30,486 మంది చనిపోయారు. అలాంటి ప్రమాదాల బాధితులకు పరిహారం ఇచ్చే పథకం కింద 2022-23లో వచ్చిన దరఖాస్తులు 205 అని సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్క. ఈ రెండు అంకెల మధ్య ఎన్ని ఇళ్లున్నాయో ఊహించుకో.

ఆ పథకం సంగతి నీ వ్యాసంలో లేదంటే, ఆ ఇంటివాళ్లకూ తెలియదనే అనుకుంటున్నాను. 2022 ఏప్రిల్ 1 నుంచి, గుద్దిన బండి ఏదో తెలియకపోయినా చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇస్తారు. ప్రమాదం జరిగిన సబ్‌డివిజన్‌లో ప్రభుత్వం నియమించిన రెవెన్యూ అధికారికి, సబ్‌కలెక్టరో తహసీల్దారో, దరఖాస్తు పెట్టుకోవాలి. మంజూరు చేసేది కలెక్టరు, మన జిల్లాకైతే ఛత్రపురంలో. నెల రోజుల్లో బండి జాడ తెలియకపోతే ఈ పథకం ఉందని స్టేషన్ అధికారే ఆ కుటుంబానికి రాతపూర్వకంగా చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కాగితం వచ్చిందా అని చనిపోయినాయన ఇంటావిడను అడిగావా?

పేర్లు, ఇంటి ఫొటో వెయ్యకు. అచ్చు వెయ్యడానికి తొందరేమీ లేదు, వచ్చే నెలైనా వేసుకోవచ్చు. ముందు ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు, బ్యాంకు పాసుబుక్కు పట్టుకుని ఆవిడను వెంటబెట్టుకుని సబ్‌కలెక్టరు ఆఫీసుకు వెళ్లు. ఒడియాలో ఫారం నింపడానికి మనిషి కావాలంటే నాకు ఫోన్ చెయ్యి, నేనే వస్తాను. దరఖాస్తు అందినట్టు రసీదు తీసుకున్నాక వ్యాసం మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
బరంపురం