దెయ్యానికి ఒక పని చెప్పు

చిరంజీవికి,

నీ స్క్రిప్టు చదువుతూ 14వ పేజీలో ఆగిపోయాను. 1863 జులై, అమెరికా అంతర్యుద్ధం, గెటిస్‌బర్గ్ ఊరి పక్కన పాడుబడ్డ పశువుల కొట్టం, సైన్యం నుంచి పారిపోయిన ముగ్గురు కుర్రాళ్లు. బాగుంది. అంతలో నీ హీరో దెయ్యం మీద వరసగా ఆరు గుళ్లు పేలుస్తాడు. దేనితో అబ్బాయ్? వాడి చేతిలో ఉన్నది గొట్టం మూతిలోంచి నింపే తుపాకీ. కాగితం పొట్లం పంటితో చించాలి. మందు పోయాలి. గుండు వేసి ఇనప చువ్వతో దట్టించాలి. ఆపైన మందు అంటించే గోరంత రాగి టోపీ తుపాకీకి తొడగాలి. చేయి తిరిగినవాడికే నిమిషానికి మూడుసార్లు. అంటే గుండుకీ గుండుకీ మధ్య 20 సెకన్లు. నీ సినిమా ఉన్నదే అక్కడ. పెదాలకంటిన నల్ల మందు, చీకట్లో వేళ్ల మధ్య నుంచి జారిపోయిన టోపీ... వీటికి గ్రాఫిక్స్ ఖర్చు ఉండదు.

ఇక దెయ్యం. వస్తుంది, అరుస్తుంది, పోతుంది. పనీపాటా లేని దెయ్యం! దెయ్యానికి ఒక పని ఉండాలని నలభై ఏళ్లుగా మొత్తుకుంటున్నాను. నా మొదటి దెయ్యం కథలో చచ్చిపోయిన పోస్ట్‌మాన్ రాత్రంతా ఉత్తరాల మీద ముద్రలు కొడుతుంటాడు. ఠప్, ఠప్. ఒక వారపత్రిక ఎడిటర్‌గారు ఆ ముద్రల చప్పుడంతా తీసేసి, నాకు చెప్పకుండా నాలుగు చోట్ల ‘హహ్హహ్హా’ అని చేర్చారు. చదివినవాళ్లు నిజంగానే నవ్వారు. ఆ సంచిక ఇంకా ట్రంకు పెట్టెలో ఉంది, చూస్తే నాకు బీపీ.

నీకు కావలసిన పని ఆ ఊళ్లోనే ఉంది. యుద్ధం ముగిశాక అక్కడ ఏరిన తుపాకులు 27 వేల పైచిలుకు అని లెక్క చెబుతారు. అందులో సుమారు 24 వేలు నింపి, పేల్చకుండా వదిలేసినవే. వాటిలో దాదాపు సగానికి రెండేసి గుళ్లు. ఒకదాంట్లో అయితే ఒకదానిమీద ఒకటి 23! ఆ మోతలో, పొగలో తన తుపాకీ పేలలేదని ఆ సిపాయికి తెలియలేదా, ఎదుటివాణ్ని చంపలేక నింపుతున్నట్టు నటించాడా? రెండు వాదాలూ ఉన్నాయి. నువ్వు తేల్చకు. ఆ సిపాయినే దెయ్యం చేసి అటక మీద కూర్చోబెట్టు. చువ్వ గీరుకునే చప్పుడు ఒక్కటే వినిపించాలి. నింపుతాడు, మళ్లీ నింపుతాడు. పేల్చడు. కింద ముగ్గురూ లెక్కపెడుతుంటారు.

యుద్ధం సీన్లకి డబ్బు లేదని బెంగ వద్దు. ఆ యుద్ధాన్ని సరదాకి మళ్లీ ఆడే జనం అమెరికాలో బోలెడుమంది, యూనిఫాం, తుపాకీ వాళ్లే తెచ్చుకుంటారు. అయినా నీకు యుద్ధం సీన్లెందుకు? దూరంగా ఫిరంగులు ఉరిమితే చాలు.



ఇంకోటి. నీ మూడోవాడికి ముందు పళ్లు లేవన్నావు. పొట్లం చించలేనివాణ్ని కాల్బలంలో చేర్చుకునేవాళ్లు కాదు. పళ్లు తర్వాత పోయాయంటే సరే. మరి ఇన్నాళ్లూ వాడి పొట్లాలు ఎవరు చించి ఇచ్చారు? ఆ చించి ఇచ్చినవాడు ఇప్పుడెక్కడున్నాడు? అది రాసి పంపు.