ఏడో పదం 40 అయితే మొదటి పదం ఎంత?

ప్రశ్న: మా పాప పదో తరగతి. ‘ఏడో పదం 40 అయ్యే అంకశ్రేఢి ఒకటి రాయండి’ అని లెక్క ఇచ్చారు. పదాంతరం (పక్కపక్క పదాల మధ్య ఒకేలా ఉండే తేడా) 5 అనుకుని, ఏడు అయిదులు 35 తీసేసి 5తో మొదలుపెట్టింది. తీరా ఏడో పదం 35 వచ్చింది. తప్పెక్కడ?

జవాబు: 5 ఎంచుకోవడంలో తప్పేమీ లేదు, ఒకసారి ఎక్కువ తీసేసిందంతే. పొలం గట్టున వరసగా ఏడు రాళ్లు పాతితే వాటి మధ్య సందులు ఆరే. మొదటి పదం నుంచి ఏడో పదానికి కూడా ఆరు అంగలే. కాబట్టి 40 – 30 = 10. శ్రేఢి 10, 15, 20, 25, 30, 35, 40.

పదాంతరం ఇవ్వలేదు కనుక జవాబులకు అంతు లేదు. పాప రాసింది, పక్కవాళ్లు రాసింది వేరైనా రెండూ సరైనవే కావచ్చు. ‘పదాలన్నీ సహజ సంఖ్యలు, పెరుగుతూ పోవాలి’ అని షరతు పెడితే మాత్రం ఆరే మిగులుతాయి: పదాంతరం 1 నుంచి 6 వరకు, మొదటి పదాలు వరసగా 34, 28, 22, 16, 10, 4. పదాంతరం 7 అయితే మొదటి పదం –2 అవుతుంది. తగ్గే శ్రేఢి కావాలంటే పదాంతరం –5 తీసుకోండి, 70తో మొదలవుతుంది. పదాంతరం సున్నా అయినా అంకశ్రేఢే. పిల్లలు దీన్ని వదిలేస్తుంటారు.

సూత్రం బట్టీ పట్టించే ముందు, కాగితం మధ్యలో 40 రాయించి రెండు వైపులా నడిపించండి. ఎడమన 35, కుడిన 45. తర్వాత 30, 50. ఇలా రెండు వైపులా ఆరేసి పదాలు. ప్రతి జత మొత్తం 80. పదాంతరం ఏదైనా మొదటి 13 పదాల మొత్తం 13 × 40 = 520 ఎందుకవుతుందో అక్కడే కనిపిస్తుంది. ఆర్యభట క్రీ.శ. 499లో ‘ఆర్యభటీయం’లోని గణితపాదంలో చెప్పిన పద్ధతీ ఇదే: మధ్య విలువ కనుక్కుని పదాల సంఖ్యతో గుణించడం.

ప్రశ్న: అంకశ్రేఢిలో నాలుగు సంఖ్యల మొత్తం 48, చివరి రెండింటి లబ్ధం 63. మధ్య విలువ 12 వచ్చింది, తర్వాత ముందుకు సాగడం లేదు.

జవాబు: ‘చివరి రెండు’ అంటే ఇక్కడ రెండు కొసల సంఖ్యలు, మూడోది నాలుగోది కాదు. పదాలు నాలుగైతే 12 శ్రేఢిలో ఉండదు, రెండో మూడో పదాల నడుమ పడుతుంది. అందుకే 12 – 3డి, 12 – డి, 12 + డి, 12 + 3డి అనుకోవాలి. 144 – 9డి² = 63, అంటే డి² = 9, డి = 3. సంఖ్యలు 3, 9, 15, 21. చాలామంది ఇక్కడ డి విలువనే పదాంతరం అనుకుని 3, 6, 9, 12 రాసేస్తారు. వాటి మొత్తం 30. పదాంతరం 2డి, అంటే 6. డి = –3 తీసుకున్నా అవే సంఖ్యలు తిరగబడి వస్తాయి.