పాత బొమ్మ రైలు గూడ్స్ పెట్టెకు రంగు తేడా ఉంటే అది అరుదైన రకమేనా?

రంగు తేడా ఒక్కటే చాలదు. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చేటప్పుడే ఉన్న తేడా మాత్రమే అసలైన వేరియేషన్. అచ్చు మార్చడం, వేరే రంగు ప్లాస్టిక్ వాడటం, అక్షరాల సిరా మారడం వల్ల అలాంటివి వస్తాయి. అమెరికా బొమ్మ రైళ్ల కంపెనీ లయనెల్ 1953లో మొదలుపెట్టిన 6464 నంబరు బాక్స్‌కార్లనే (నాలుగు వైపులా మూసి ఉండే గూడ్స్ పెట్టెలు) చూడండి. వాటిలో వెస్టర్న్ పసిఫిక్ అనే అమెరికా రైల్వే పేరున్న వెండి రంగు పెట్టె మీద అక్షరాలు మామూలుగా నీలం. ఎరుపు అక్షరాలున్నది చాలా అరుదు, ధర కూడా ఎక్కువే. కాబట్టి నీలాన్ని చెరిపి ఎరుపు వేశారేమో అని అనుమానించాల్సిందే. లైటు ఓరగా వేసి చూస్తే చెరిపిన అక్షరాల జాడ కనిపించవచ్చు.

చాలామంది పొరబడేది వెలిసిన రంగు దగ్గరే. చెన్నై ఎండ తగిలే అద్దాల బీరువాలో ఏళ్ల తరబడి ఉంటే ఏ రంగైనా మారుతుంది, అది వేరియేషన్ కాదు. తలుపు అంచు కింద, అడుగు చట్రం కప్పిన చోట ఎండ పడదు. అక్కడి రంగుకీ బయటి రంగుకీ పొంతన లేకపోతే అది వెలిసిందనే అర్థం. తలుపులు, చక్రాలు వేరే పెట్టెవి తెచ్చి తగిలించడం మరీ తేలిక. వాటి తేడా చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.