పాపా, పులిగాని కంట్లో మీ నాయన మందు వెయ్యొద్దు

పాపా,

నువ్వు పంపిన ఫోటో చూసినా. మీ పిల్లి పులిగాడు ఎడమ కన్ను సగం మూసుకోని కూచున్నాడు, ఏం చుక్కలు వెయ్యాల చిన్నమ్మా అని అడిగినావు. ఫోన్‌లో చెప్దామంటే నువ్వు ఆఫీసులో ఉంటావు, అందుకే రాస్తాండా, రోంత పెద్దగైతాది, మొత్తం చదువు. మొదట ఒకటి విను. ఇంట్లో ఉన్న ఏ చుక్కలమందూ వాని కంట్లో వెయ్యొద్దు. మీ నాయన శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నప్పుడు మిగిలిన సీసా ఫ్రిజ్ డోర్‌లో అట్లే పెట్టింటాడు, పారెయ్యనియ్యడు, నాకు తెలీదా మా బావ సంగతి. ముఖ్యంగా అదే వెయ్యొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తాండానంటే మా మల్లి. నువ్వు చిన్నప్పుడు ఎత్తుకోని తిరిగేదానివి కదా, తెల్లది, తోక మీద నల్లమచ్చ. దానికి ఒకసారి కన్ను ఎర్రగై నీళ్లు కారుతాంటే నేను గొప్ప తెలివైనదాన్ని కదా, మీ చిన్నాయన ఆపరేషన్ చుక్కలు తీసి రోజుకు మూడుసార్లు వేసినా. రెండ్రోజులకు ఎరుపు తగ్గింది, సంతోషపడినా. ఐదో రోజు చూస్తే నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు లేసింది. అప్పుడు బుట్టలో పెట్టుకోని పరిగెత్తితే డాక్టర్ ఆ సీసా చదివి తలకాయ పట్టుకున్నాడు. అందులో డెక్సామెథాసోన్ అని స్టెరాయిడ్ ఉండాది. కంటి పైపొర గీరుకోని పుండు పడింటే స్టెరాయిడ్ దాన్ని మాననియ్యదు, ఇంకా లోతు చేస్తాది, వైరస్ ఉంటే అది పెరగతాది. ఎరుపు తగ్గింది కాబట్టి బాగైతాండాదని మనం అనుకుంటాం, లోపల పుండు తవ్వుకుంటా పోతాంటాది. మల్లికి ఆ కన్ను తీసేసినారు. ఆ తర్వాత ఒంటికంటితో ఇంకా 6 ఏండ్లు బతికింది, బల్లుల్ని కూడా పట్టేది, కానీ అది తలకాయ తిప్పి నన్ను చూసినప్పుడల్లా నాకు ఆ సీసానే గుర్తొచ్చేది.

ఇంక మీవాని సంగతి. ఫోటోలో ఒక్క కన్నే, అదీ నిన్న రాత్రి తిరిగొచ్చినాక మొదలైంది అన్నావు. మీ ఇంటెనక అంతా కంపచెట్లే, వాడు మగోడు, పక్కవీధి పిల్లితో కొట్లాడకుండా ఉండడు. గోరు గీరుకోనుండొచ్చు, ముల్లో గడ్డిపోచో రెప్ప కింద ఇరుక్కోనుండొచ్చు. ఒక్క కన్ను ఉన్నట్టుండి మూసుకున్నాడంటే, కాలితో రుద్దుకుంటాంటే, వెలుతురు చూడలేక మంచం కిందికి పోతాంటే అది నొప్పి, దురద కాదు. ఆ నొప్పి ఉన్నరోజే చూపియ్యాల, ఆదివారం వరకు ఆగొద్దు. డాక్టర్ దగ్గర ఫ్లోరెసిన్ అని ఒక రంగు ఉంటాది, చిన్న కాగితం పట్టీతో కంట్లో తాకిచ్చి నీలం లైటు వేస్తే పుండున్న చోట ఆకుపచ్చగా మెరుస్తాది. ఆ రంగు వేసి చూసినారా సార్ అని నోరు తెరిచి అడుగు, సిగ్గుపడొద్దు. పశువుల ఆసుపత్రిలో ఎక్కువగా ఎనుములు గొర్రెలే వస్తాయి, పిల్లిని చూసి అలవాటున్న డాక్టర్ ఎవరని ముందే ఫోన్ చేసి కనుక్కో. కేసు పెద్దదైతే ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉండనే ఉంది, అనంతపురం నుంచి రోంత దూరమే కానీ కన్ను కంటే ఎక్కువ కాదు.

రెండు కండ్లూ ఒకేసారి నీళ్లు కారుకుంటా తుమ్ములు కూడా ఉంటే అది వేరే కథ. మనుషులకు జలుబు చేసినట్టు పిల్లులకు హెర్పిస్ వైరస్ వస్తాది (మనకు అంటుకునే హెర్పిస్ కాదు, భయపడొద్దు). ఒకసారి ఒంట్లో చేరితే పోదు, మూలన పడుకోనుంటాది, ఇల్లు మార్చినా కొత్త పిల్లిని తెచ్చినా, దానికి బెంగ పెట్టుకున్నా మళ్ల లేస్తాది. పోయినేడు మీరు ఇల్లు మారినప్పుడు వానికి కండ్లెంట నీళ్లొచ్చినాయి అన్నావు చూడు, నా అనుమానం అదే. ఇంకోటి క్లమిడియా అని బ్యాక్టీరియా, ముందు ఒక కన్ను ఉబ్బి పుసి కారతాది, కొన్నిరోజులకు రెండోదానికి పాకతాది. దానికి డాక్సీసైక్లిన్ బిళ్ళలు రాస్తారు, కన్ను బాగైందని మధ్యలో ఆపొద్దు, 3, 4 వారాలు పడతాది. ఆ బిళ్ళ వేసినాక సూదిలేని సిరంజితో రోంత నీళ్లు తాపిచ్చు, లేదంటే గొంతు గొట్టంలో ఇరుక్కోని అక్కడ కాలి గొట్టమే సన్నబడతాది. ఈ సంగతి మెడికల్ షాపోళ్లు ఎవరూ చెప్పరు.

టీకా వేయిచ్చినావా? కూనలకు 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి 3, 4 వారాలకోసారి, 16 వారాల వరకు వెయ్యాల. టీకా వేసినా జలుబు రాకుండా పోదు, వచ్చినా కన్ను పోయేంత రాదు, అది చాలు.

పోయినసారి నువ్వు అడిగింది, కంటి మూల నుంచి తెల్లపొర వచ్చి సగం కప్పేసింది అని. అది మూడో రెప్ప, అన్ని పిల్లులకూ ఉంటాది, మామూలుగా కనపడదు. రెండు కండ్లలో కనపడితే కన్ను కంటే కడుపు చూడు, నులిపురుగులు, విరేచనాలు, నీళ్లు తక్కువై నీరసం. మన ఎండలకు మే నెలలో ఇది శానా చూసినా. ఒక్క కంట్లోనే వస్తే మాత్రం ఆ కంటికే ఏదో అయింది.

తిండి సంగతి చెప్తే నీకు కోపమొస్తాది, మీ అత్తగారింట్లో మాంసం ముట్టరు, పెరుగన్నం పెడతాండారని తెలుసు. పిల్లికి టారిన్ అని ఒకటి కావాల, మాంసం చేపల్లోనే ఉంటాది, దాని ఒళ్లు సరిపోయేంత తయారు చేసుకోలేదు. అది లేకుంటే కంటి లోపలి పొర మెల్లగా ఎండిపోతాది, గుండె కూడా చెడతాది. కంటి సంగతి 1975లోనే సైంటిస్టులు కనిపెట్టినారు. పైకి ఏమీ తెలీదు, కన్ను నిగనిగలాడతానే ఉంటాది, ఒకరోజు గోడకు కొట్టుకుంటాది, అప్పుడు చేసేదేమీ లేదు. పెరుగన్నంతో పాటు పిల్లుల ప్యాకెట్ తిండి కొను, కుక్కలది కాదు, అందులో టారిన్ చాలదు. మీ అత్తమ్మకు డాక్టర్ రాసిన మందని చెప్పు.

మీవాడు చిన్నోడే కాబట్టి ఇది ఇప్పటికి అవసరం లేదు, కానీ మీ పక్కింట్లో ముసలి పిల్లి ఉండాది కదా. పదేండ్లు దాటినాక కిడ్నీ చెడో థైరాయిడ్ ఎక్కువయ్యో బీపీ వస్తాది, పిల్లికి కూడా బీపీ చూస్తారు, కాలికో తోకకో చిన్న పట్టీ కట్టి. నల్లపాప పట్టపగలు కూడా పెద్దగా విచ్చుకోనే ఉంటే, ఉన్నట్టుండి చూపు పోయినట్టు తడుముకుంటాంటే లోపల పొర ఊడొస్తాండాది, ఆ గంటలోనే తీసకపోవాల. ఆమ్లోడిపిన్ ఇస్తారు, మీ నాయన మింగేదే, అయినా ఆ బిళ్ళ కూడా మీరు విరిచి పెట్టొద్దు, డోసు వేరు.

డోసు అంటే గుర్తొచ్చింది. ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కుక్కలకు పశువులకు తెగ వాడతారు, పిల్లికి కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటితే చూపే పోవచ్చు. పులిగాన్ని తూకం వేసి పోయి బరువు చెప్పు. జ్వరమని పారాసిటమాల్ అసలు ఇయ్యొద్దు, పిల్లికి విషం, ఒక్క బిళ్ళ చాలు ప్రాణం పోయేదానికి.

డాక్టర్ దగ్గరికి పోయేలోపు చేసేది ఒకటే. నీళ్లు కాచి చల్లార్చి దూదితో పుసి తుడువు, ముక్కు పక్క నుంచి బయటికి, ఒక దూది ఒక్కసారికే, రెండో కంటికి వేరే దూది. పసుపు, చనుబాలు, ఆముదం, నందివర్ధనం రసం, మా అవ్వ ఎద్దుకు ఉప్పు నమిలి ఊదేది, అవన్నీ ఇంట్లోనే ఉండనీ. టవల్‌లో బిగిచ్చి చుట్టి పట్టుకో, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కో. కన్ను రుద్దుకోకుండా పాత ఎక్స్‌రే ఫిల్మ్ గరాటాలాగా చుట్టి మెడకు కట్టు, అంచుకు గుడ్డ టేపు వెయ్యి, లేకుంటే మెడ కోసుకుంటాది.

రేపు పొద్దున పోయేటప్పుడు బుట్ట మూత పురికొసతో రెండు పక్కలా కట్టు, పోయినసారి ఆటోలో దూకి క్లాక్ టవర్ దగ్గర సగం మందిని పరిగెత్తిచ్చినాడంట కదా. డాక్టర్ రాసిన చీటీ ఫోటో తీసి పంపు, చుక్కల పేరు స్పష్టంగా కనపడాల.

మీ చిన్నమ్మ,
కడప