ఫ్రీ గేమ్‌కి 6,721 రూపాయలు: కన్నం గేమ్‌లోనే ఉందా?

ప్రశ్న: హనుమకొండలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. వయసు 32, చేతికొచ్చే జీతం 38,000. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో ‘షాడో ఫైట్ 2’ ఆడతాను. చిన్నప్పుడు వీడియో గేమ్ షాపుల్లో ఆడిన కరాటే, కుంగ్‌ఫూ ఫైటింగ్ గేమ్‌ల్లా ఉంటుంది, పైగా ఫ్రీ. జెమ్స్ (గేమ్‌లో వాడుకునే రత్నాలు) కోసం అప్పుడప్పుడూ 89, 179 ఇలా పెడుతుంటాను. మొన్న మా ఆవిడ కూర్చుని లెక్క కడితే మూడు నెలల్లో 6,721 తేలింది. ‘ఇదీ ఆన్‌లైన్ రమ్మీ లాంటిదే, తీసెయ్’ అంటోంది. తీసేయమంటారా? ఇదే డబ్బు నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే సిప్‌లో పెట్టి ఉంటే ఎంత అయ్యేది? క్రెడిట్ కార్డు బాకీ 22,000 ఉంది, నెలకు 1,100 కడుతున్నాను. బ్యాంకులో 14,000 ఉన్నాయి. ఏడేళ్ల బాబు కూడా నా ఫోన్‌తోనే ఆడుకుంటాడు. ఒక ఫ్రెండ్ ‘అన్‌లిమిటెడ్ జెమ్స్’ ఉన్న ఏపీకే (నేరుగా ఫోన్‌లో వేసుకునే యాప్ ఫైలు) పంపిస్తానంటున్నాడు, వేసుకోవచ్చా?

జవాబు: గేమ్ తీసేయక్కర్లేదండి. కార్డు సంగతి మాత్రం ఈ నెలలోనే తేల్చాలి. మీ ఆవిడ పట్టుకున్నది చిన్న దొంగను. పెద్దవాడు మీ ఉత్తరంలో క్రెడిట్ కార్డు గురించి రాసిన ఒక్క వాక్యంలో నక్కి ఉన్నాడు.

మీరు జత చేసిన కార్డు బిల్లులో వడ్డీ నెలకు 3.5 శాతం అని ఉంది. అంటే ఏడాదికి 42. 22,000 మీద నెల వడ్డీ 770, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 909. మీరు కడుతున్న 1,100లో 909 అలా పోతే, అసలులో తగ్గేది 191 రూపాయలు. అది తగ్గేలోపే అదే కార్డు మీద మళ్లీ జెమ్స్ కొంటున్నారు. మీ 6,721లో 449 చొప్పున ఐదుసార్లు, 899 చొప్పున రెండుసార్లు, మొత్తం 4,043 కార్డు మీదే పోయింది. పాత బాకీ పూర్తిగా కట్టకుండా ఉన్న కార్డుకి ‘నలభై ఐదు రోజుల వడ్డీ లేని గడువు’ వర్తించదు. కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఆ జెమ్స్‌తో కొన్న కత్తి రెండు లెవెల్స్ దాటేసరికి పాతబడిపోయి ఉంటుంది, దాని వడ్డీ మాత్రం మీరింకా కడుతూనే ఉన్నారు.

కాబట్టి ముందు ఇది చేయండి. బ్యాంకులో ఉన్న 14,000లో 8,000 తీసి కార్డుకి కట్టేయండి. చేతిలో 6,000 మిగిలితే భయమేస్తుందని తెలుసు. కానీ సేవింగ్స్ ఖాతాలో మూడు శాతం కూడా రాని డబ్బుని పక్కన పెట్టుకుని, 42 శాతానికి అప్పు మోయడంలో అర్థం లేదు. నిజంగా అవసరం పడితే అదే కార్డులో 8,000 లిమిట్ ఖాళీ అయి ఉంటుంది. మిగిలిన 14,000 బాకీకి నెలనెలా 3,040 కట్టండి. ఇప్పటి 1,100కి తోడు 1,940 ఎక్కడి నుంచి తేవాలో కింద చెబుతాను. ఇలా కడితే ఆరో నెలకి తీరిపోతుంది, ఆ చివరి నెల వాయిదా ఏడు వందలు కూడా ఉండదు. అప్పటిదాకా ఆ కార్డుతో ఏమీ కొనకండి, కూరగాయలైనా సరే.

ఇక గేమ్. మూడు నెలల్లో 29 పేమెంట్లు. 89 పద్నాలుగుసార్లు, 179 ఎనిమిదిసార్లు, కార్డు మీద పోయిన ఆ ఏడు. విడివిడిగా చూస్తే ఒక్కటీ కంటికి ఆనదు. నెలకు సగటున 2,240, జీతంలో ఆరు శాతానికి కాస్త తక్కువ. ఆ మొత్తం కన్నా నన్ను ఆపింది టైము. మీ యూపీఐ హిస్టరీలో ఒక శనివారం రాత్రి 11:42కి 89, 11:51కి మళ్లీ 89, 12:08కి 179. ఆ మర్నాటి తారీఖుతో కార్డులో 449. ఆ అరగంటలో ఏం జరిగిందో ఈ గేమ్ ఆడినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మొదటి బాస్ (పెద్ద శత్రువు) లింక్స్ చేతిలోనో, ఆ తర్వాతి బాస్ చేతిలోనో వరసగా ఓడిపోయారు.

ఈ గేమ్ ఎలా పని చేస్తుందో ఒకసారి డబ్బు కళ్లతో చూద్దాం. ఫైట్‌లోకి దిగే ముందు అది ఎంత కష్టమో చూపిస్తుంది: ఈజీ, నార్మల్, హార్డ్, ఇన్‌సేన్, ఇంపాజిబుల్. మీ చెయ్యి ఎంత తిరిగిందో ఆ మాటకి సంబంధం లేదు. మీ ఆయుధం, కవచం, హెల్మెట్ ఎదుటివాడి వాటితో పోలిస్తే ఎంత వెనకబడ్డాయో దాన్ని బట్టి ఆ మాట మారుతుంది. ‘ఇన్‌సేన్’ అని ఉన్నచోట మీరు ఎన్ని కిక్కులు కొట్టినా వాడి ప్రాణం చూపే బార్ కదలదు, వాడు రెండు పోట్లు పొడిస్తే మీది సగం పోతుంది. అదే ఆయుధాన్ని అప్‌గ్రేడ్ చేస్తే ఆ మాట ‘నార్మల్’ అవుతుంది. అప్‌గ్రేడ్‌కి నాణేలు కావాలి, నాణేలకి పాత ఫైట్లు మళ్లీ మళ్లీ ఆడాలి, ఆడటానికి ఎనర్జీ కావాలి, ఎనర్జీ అయిపోతే నిండేదాకా కూర్చోవాలి. ఈ ప్రతి మలుపులోనూ పక్కదారి ఒకటే, జెమ్స్. అంటే మీరు డబ్బు పెట్టి కొంటున్నది ఆట కానే కాదు. ఆగక్కర్లేకుండా ఉండటాన్ని కొంటున్నారు. ఆట మాత్రం నిజంగానే ఉచితం, ఓపిక ఉన్నవాడికి.

ఇందులో కొత్తేమీ లేదు లెండి. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 మెషిన్ కూడా ఓడిపోగానే ‘కంటిన్యూ’ అని అడిగి తొమ్మిది, ఎనిమిది, ఏడు అని లెక్కపెట్టేది. ఆ అంకెలు సున్నాకి చేరేలోపు ఇంకో కాయిన్ వేయించడమే దాని పని. మన ఊళ్లలో అందరూ ముస్తఫా అని పిలిచిన గేమ్ కూడా అంతే. కాకపోతే అప్పుడు జేబులో ఐదు రూపాయలుంటే ఐదుతోనే ఇంటికి వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు మెషిన్ పక్కనే మీ జీతం ఖాతా, దాని పక్కనే 42 శాతం వడ్డీ కార్డు కూర్చుని ఉన్నాయి.

అందుకే ‘తగ్గిస్తాను’ అనే మాట మీద నాకు నమ్మకం లేదు. జేబునే చిన్నది చేయండి. ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ నొక్కి పేమెంట్ మెథడ్స్‌లోకి వెళ్లి కార్డు, యూపీఐ రెండూ తీసేయండి. నెల మొదటి వారంలో 300 రూపాయలకి గూగుల్ ప్లే రీఛార్జ్ కోడ్ ఒకటి కొని ప్లే బ్యాలెన్స్‌లో వేసుకోండి. ఆ నెలకి అంతే. 2,240లో 300 పోగా మిగిలేదే పైన చెప్పిన 1,940. ప్లే స్టోర్‌లో బడ్జెట్ పెట్టుకునే సదుపాయం కూడా ఉంది. కానీ అది దాటితే చెబుతుందే తప్ప ఆపదు, మీ కేసుకి అది చాలదు. ఆ 300 కూడా ఓడిన వెంటనే వాడకండి, మర్నాడు పొద్దున టీ తాగుతూ వాడండి. చాలాసార్లు అప్పటికి ఆ ఆయుధం అక్కర్లేదనిపిస్తుంది.

ఇంకో దారి ఉంది, నాకైతే ఇదే ఎక్కువ నచ్చుతుంది. ఇదే గేమ్‌కి ‘స్పెషల్ ఎడిషన్’ అని డబ్బు కట్టి కొనుక్కునే వెర్షన్ ఉంది, 2017లో వచ్చింది. ఒక్కసారి కొంటే అందులో ప్రకటనలు ఉండవు, ఎనర్జీ కోసం ఆగే బాధ ఉండదు, కథ ఆడుతుంటేనే జెమ్స్ వస్తాయి. మీ మూడు నెలల ఖర్చు ముందు దాని ధర ఏపాటిదో ప్లే స్టోర్‌లో మీరే చూడండి. ఇప్పటిదాకా గెలిచినదంతా వదిలి మొదటి నుంచి ఆడాల్సి వస్తుంది. దాంతో సర్దుకోగలిగితే నెలకు 300 కూడా మిగులుతుంది.

మీ ఆవిడ అడిగిన రమ్మీ సంగతి. అది వేరు, ఇది వేరు. రమ్మీలో డబ్బు పందెం కాసి డబ్బు గెలవాలని చూస్తారు. పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలకి తెలంగాణ 2017లోనే అడ్డుకట్ట వేసింది, ఆంధ్రప్రదేశ్ 2020లో. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటికీ అలాంటి ఆటల్ని నిషేధించింది. మీ గేమ్‌లో ఎన్ని బాస్‌ల్ని కొట్టినా ఒక్క రూపాయి వెనక్కి రాదు, కాబట్టి అది పందెం కిందికి రాదు. ఆవిడకి ఈ మాట ధైర్యంగా చెప్పండి. ఆ వెంటనే 6,721 విషయంలో తనే కరెక్టని కూడా చెప్పండి. అయితే దీని తర్వాత వచ్చిన షాడో ఫైట్ 3లోకి వెళ్తే జాగ్రత్త. అక్కడ ఆయుధాలు కార్డుల ప్యాకెట్లలో వస్తాయి, విప్పేదాకా లోపల ఏముందో తెలీదు. డబ్బు పెట్టి కొనే ఇలాంటి అదృష్టపు పెట్టెల్ని బెల్జియం 2018లో జూదం కిందే లెక్కగట్టింది. వాటికి మీ బడ్జెట్ సున్నా.

సిప్‌లో పెట్టి ఉంటే ఎంతయ్యేదని అడిగారు. ఆ లెక్క వేయను. పదేళ్లకి ఇంత, ఇరవై ఏళ్లకి అంత అని చెప్పి మిమ్మల్ని బాధపెట్టొచ్చు, కానీ 42 శాతం అప్పు ఉన్నవాడికి ఏ ఫండూ దానికి సరితూగే రాబడి ఇస్తానని మాటివ్వలేదు. ఇప్పటికి కార్డు తీర్చడమే మీ సిప్. ఏడో నెల నుంచి ఆ 3,040ని రికరింగ్ డిపాజిట్‌లో వేసి, మూడు నెలల ఇంటి ఖర్చు పోగయ్యేదాకా కదపకండి. సిప్ గురించి అప్పుడు రాయండి, మాట్లాడుకుందాం.

బాబు విషయం. యూపీఐ అయితే పిన్ అడుగుతుంది కాబట్టి వాడు కొనలేడని అనుకుంటారు. కానీ ప్లే బ్యాలెన్స్‌లో వేసిన 300కి యూపీఐ పిన్‌తో పని లేదు. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ వెరిఫికేషన్ అడిగేలా పెట్టండి, వాడికి తెలిసిన ఫోన్ లాక్ నంబరు కూడా మార్చేయండి. ఎప్పుడైనా పొరపాటున కొన్నాడని తెలిస్తే 48 గంటల్లోపు గూగుల్‌కే రీఫండ్ అడగండి. ఆ గడువు దాటితే గేమ్ కంపెనీని బతిమాలుకోవాల్సి వస్తుంది.

మీ ఫ్రెండ్ ఇస్తానన్న ఏపీకే మాత్రం వద్దే వద్దు. ప్లే స్టోర్ బయటి నుంచి వచ్చే ఇలాంటి ఫైళ్లలో కొన్ని ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి, స్క్రీన్ మీద ఏం జరుగుతోందో చూసే అనుమతి అడుగుతాయి. మీ ఓటీపీలు వచ్చేది ఆ ఫోన్‌కే, జీతం పడే ఖాతా యాప్ ఉన్నదీ అందులోనే. ఇప్పటికే వేసేసి ఉంటే మొబైల్ డేటా, వైఫై ఆపి దాన్ని తీసేయండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ మార్చండి. ఖాతాలోంచి తెలియకుండా డబ్బు పోయినట్టు కనిపిస్తే ఇంకెవర్నీ అడుగుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ తర్వాత బ్యాంకుకి.