బ్రేకు ఫెయిలైందంటే కేసు పోతుందా?

ప్రశ్న: నాది 2014 మోడల్ పికప్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఆర్సీ నా పేరు మీదే ఉంది. నేనే నడుపుకుంటూ మదనపల్లె నుంచి తిరుపతికి టమాటా లోడు వేస్తుంటాను, అదే మా ఇంటి ఆధారం. పెడల్ లోపలికి దిగిపోతోందని షెడ్డులో చూపిస్తే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని నెట్టే భాగం) కిట్ వేసి, వెనక లైనర్లు (చక్రం డ్రమ్ముని ఒత్తి ఆపే పట్టీలు) మార్చి 9,400 తీసుకున్నారు. బిల్లు లేదు, చీటీ ఇచ్చారు. పన్నెండు రోజులు బాగానే ఉంది, తర్వాత పెడల్ మళ్ళీ మెత్తబడింది, రెండు మూడుసార్లు కొడితే పట్టేది. ఇంకో ట్రిప్పు వేసి చూపిద్దామనుకున్నాను. భాకరాపేట ఘాట్ దిగుతుంటే అస్సలు పట్టలేదు, ముందున్న మోటార్‌సైకిల్‌కి తగిలింది, అతనికి కాలు విరిగింది. మొన్న జరిగింది ఇది. బండి స్టేషన్‌లో ఉంది. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్, లైసెన్స్ అన్నీ ఉన్నాయి. బ్రేకు ఫెయిలైతే నా తప్పేముంది? మెకానిక్ మీద కేసు వేయొచ్చా?

జవాబు: మెకానిక్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు రాసిన ఒక్క వాక్యం గురించి మాట్లాడాలి, "ఇంకో ట్రిప్పు వేసి చూపిద్దామనుకున్నాను" అన్నది. మీ కేసు మొత్తం దాని మీదే తిరుగుతుంది.

బ్రేకు ఫెయిలవడం కోర్టులో పనికొచ్చే వాదనే, కానీ ఆ మాట అనేస్తే చాలదు. 1977లో మినూ మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, యంత్రం లోపం వల్లే ప్రమాదం జరిగిందనే యజమాని, ఆ లోపం బయటికి కనపడనిదనీ, తగినంత జాగ్రత్త తీసుకున్నా తెలిసేది కాదనీ తనే చూపించాలి. మీకు పెడల్ ముందే చెప్పింది. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కూడా ఇలాంటి సందర్భం కోసమే ఉంది. లోపం తెలిసి గానీ, మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉండి గానీ బండిని రోడ్డెక్కిస్తే నేరం, దానివల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే 3 నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది పోలీసులు సాధారణంగా పెట్టే భారతీయ న్యాయ సంహిత 281 (నిర్లక్ష్యంగా నడపడం), 125(బి) (నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేయడం) సెక్షన్లకు అదనం. 125(బి)లో 3 ఏళ్ళ వరకు శిక్ష ఉంది. అందుకని మీరు స్టేషన్‌లో ఏదైనా చెప్పేముందు మీ ఊళ్ళో ఒక వకీలుకి జరిగింది జరిగినట్టు, పెడల్ సంగతితో సహా, చెప్పండి. అబద్ధం చెప్పమని నేను అనడం లేదు, అబద్ధం వద్దే వద్దు. కానీ మీ మీదకే వచ్చే ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది, దాన్ని ఎక్కడ వాడాలో పక్కన వకీలు ఉంటే తెలుస్తుంది.

ఎఫ్‌సీ ఉంది కదా అని ధైర్యపడకండి. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఎఫ్‌సీ చేయించాలి, మీరు చేయించారు, మంచిదే. అది పరీక్ష చేసిన రోజు బండి బాగుందని చెబుతుంది గానీ ఆ తర్వాత షెడ్డులో విప్పి బిగించిన బ్రేకుల గురించి ఏమీ చెప్పదు.

ఇక అసలు తొందర. ప్రమాదం జరిగిన బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్, అంటే రవాణా శాఖ మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ), చూసి రిపోర్టు ఇస్తారు. చాలా కేసుల్లో ఆ కాగితంలో "యాంత్రిక లోపం వల్ల ప్రమాదం జరగలేదు" అని ఒక్క లైను ఉంటుంది, ఆ లైనే డ్రైవర్ల కొంప ముంచుతుంది. ఘాట్‌లో ఇది మరీ ఎక్కువ. దిగుడులో బ్రేకు మీదే ఆధారపడి వస్తే లైనర్లు కాలిపోతాయి, నీరు పీల్చుకున్న పాత బ్రేక్ ఆయిల్ మరిగి పైపుల్లో ఆవిరి చేరుతుంది, పెడల్ నేలకి ఆనుతుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగకుండా తట్టుకోవాలి, తేమ పట్టాక ఆ ప్రమాణం 140 డిగ్రీలే. మర్నాడు చల్లారిన బండి ఎక్కి తొక్కితే బ్రేకు చక్కగా పడుతుంది! రిపోర్టులో బ్రేకులు బాగున్నాయని రాసేస్తారు.

కాబట్టి తనిఖీ ఇంకా కాకపోతే, వకీలు ద్వారా రాతపూర్వకంగా అడగండి: పెడల్ తొక్కి చూడడంతో ఆపకుండా ఆయిల్ మట్టం, రంగు, చక్రాల దగ్గర వీల్ సిలిండర్ కారుతోందా, హోస్ ఉబ్బిందా, లైనర్ల మీద ఆయిల్ పడిందా, నల్లగా మాడాయా చూసి రాయమని. ఎందుకంటే ఒక్కో లక్షణం ఒక్కో మనిషి వైపు వేలు చూపిస్తుంది. పెడల్ తొక్కిపట్టి ఉంచితే మెల్లగా దిగిపోతూ బయట ఎక్కడా కారకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి కప్పులు పోయినట్టు, అంటే మీరు డబ్బులిచ్చి చేయించిన పనే సరిగా కాలేదని అడగడానికి దారి దొరుకుతుంది. స్పాంజిలా మెత్తగా ఉండి రెండు మూడుసార్లు కొడితే పట్టిందంటే లైనులో గాలి మిగిలి ఉండొచ్చు, లేదా వెనక లైనర్ల సెట్టింగ్ సరిగా లేకపోవచ్చు, మీరు రాసింది దీనికి దగ్గరగా ఉంది. అదే లైనర్లు మాడి కనిపిస్తే, గేరు తగ్గించి దిగారా, లోడు ఎంత అన్న ప్రశ్నలు మీ మీదకు వస్తాయి. ఆ రోజు కాటా చీటీ ఉంటే పారేయకండి. లోడు పరిమితికి లోపలే ఉంటే అది మీకు బలం. ఎక్కువుంటే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 జరిమానా, పైగా ఎక్కువైన ప్రతి టన్నుకీ 2,000.

గాయపడిన అతనికి నష్టపరిహారం విషయంలో మాత్రం టెన్షన్ పడకండి. ఇన్సూరెన్స్ కంపెనీ తప్పించుకోవడానికి అదే చట్టం 150వ సెక్షన్లో లెక్కపెట్టి ఇచ్చిన కారణాల్లో బ్రేకులు బాగోలేకపోవడం లేదు. మీ లైసెన్సులో ట్రాన్స్‌పోర్ట్ అని లేకపోయినా, 7,500 కిలోల లోపు బండికి మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనం) లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కంపెనీకి ప్రమాదం సంగతి రాతపూర్వకంగా వెంటనే తెలపండి, 134వ సెక్షన్ ప్రకారం అది మీ బాధ్యత. అతని ఇంటివాళ్ళకి కూడా ఒక మాట చేరవేయండి. రోడ్డు ప్రమాద బాధితులకి 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, లక్షన్నర దాకా, ఆ పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో నగదు కట్టకుండా చికిత్స చేయించుకోవచ్చు. గడువు ఇంకా ఉంది, చాలామందికి ఇది తెలియక అప్పు చేస్తున్నారు.

మెకానిక్ మీద వేయొచ్చు. అయితే పోలీసు కేసు కాదు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, సేవాలోపం కింద. సరుకు బండి కదా వ్యాపారం కింద వస్తుందేమో అని భయం వద్దు, బతుకుతెరువు కోసం స్వయం ఉపాధిగా నడుపుకునేవాళ్ళని 2019 చట్టం వినియోగదారులుగానే చూస్తుంది, మీరే స్వయంగా నడుపుతున్నారు కాబట్టి మీ మాట నిలబడుతుంది. మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, రెండేళ్ళ గడువు. బిల్లు లేకపోయినా ఆ చీటీ, ఫోన్‌లో డబ్బు పంపి ఉంటే ఆ వివరం, ఆ రోజుల్లో షెడ్డుకి చేసిన కాల్స్ సాక్ష్యమే. కానీ పెడల్ మెత్తబడ్డాక మళ్ళీ ఎందుకు చూపించలేదని అవతలివాళ్ళు తప్పకుండా అడుగుతారు, దానివల్ల మీకొచ్చే మొత్తం తగ్గొచ్చు. 9,400 వెనక్కి రావడం ఒక ఎత్తు, బండి ఆగిన రోజుల నష్టం రాబట్టడం ఇంకో ఎత్తు, రెండోదానికి గ్యారంటీ ఇవ్వలేను.

కోర్టు నుంచి బండి విడిపించుకున్నాక నేరుగా షెడ్డుకి తోలుకెళ్ళకండి, పాత మెకానిక్ దగ్గరికి అసలే వద్దు. వేరే అనుభవమున్న మెకానిక్ చేత వీడియో తీస్తూ విప్పించండి, తీసిన కిట్, లైనర్లు, సీసాలో కొంచెం ఆ పాత ఆయిల్ మూతపెట్టి, తేదీ రాసి, అతని సంతకంతో దాచండి. మొదటిసారి తీసేసిన పాత సామాను ఆ మెకానిక్ షెడ్డు మూలన ఇంకా పడి ఉందేమో ఈ సాయంత్రమే తెలిసినవాళ్ళని పంపి అడిగించండి, పాత ఇనుములో వేసేస్తే మళ్ళీ దొరకదు.